‘అవుట్‌పుట్ రావట్లేదు’: హోంవర్క్ ప్రశ్నలో కనబడని సగం

బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ పీజీల్లో (పేయింగ్ గెస్ట్ హాస్టళ్లలో) ఉంటూ ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం చదివే తెలుగు విద్యార్థి, ల్యాబ్ రికార్డు చూపించాల్సిన రోజుకు ముందు రాత్రి ఇంటర్నెట్‌లో ఎక్కడ సాయం అడిగినా, అడిగే మాట తరచుగా ఒకే తీరుగా ఉంటుంది: ‘అవుట్‌పుట్ రావట్లేదు, ప్లీజ్ హెల్ప్.’ దాని కింద ఫోనుతో వంకరగా తీసిన స్క్రీన్ ఫోటో ఒకటి ఉంటుంది. జవాబు చెప్పగలిగినవారు ఇది చూసి విసుక్కుంటారు. సొంతంగా ప్రయత్నించకుండా ఎవరిచేతనో చేయించుకోవడానికి వచ్చాడని తేల్చేసి పక్కకు తప్పుకుంటారు. అలాంటివారు లేకపోలేదు గాని, ఆ తీర్పు అందరికీ వర్తించదు. నాలుగు గంటలు ఇరవై లైన్ల ప్రోగ్రాంతో కుస్తీ పట్టిన విద్యార్థి కూడా చివరికి ఆ నాలుగు మాటలే రాస్తాడు. అతనికి ప్రోగ్రాం రాయడం ఎంత కొత్తో, తెర మీద జరిగినదాన్ని మరొకరికి అర్థమయ్యేలా చెప్పడం అంతకంటే కొత్త. మొదటిది నేర్పడానికి సిలబస్ ఉంది, రెండోదానికి లేదు.

‘అవుట్‌పుట్ రావట్లేదు’ అన్న మాటను విడదీసి చూస్తే అందులో కనీసం ఐదు వేర్వేరు జబ్బులు బయటపడతాయి. మొదటిది, ప్రోగ్రాం అసలు కంపైల్ కాకపోవడం, అంటే కంప్యూటర్ నడపగలిగే రూపంలోకి మారకపోవడం; అలా మార్చే సాఫ్ట్‌వేరే కంపైలర్. ఎక్కడో ఒక సెమీకోలన్ మరిచిపోతే కంపైలర్ పది తప్పులు చూపించవచ్చు, కొన్ని కంపైలర్లు తప్పు జరిగిన లైను కాక దాని తర్వాతి లైను సంఖ్యను చూపిస్తాయి, ఆ లైనులో ఎంత వెతికినా తప్పు దొరకదు. రెండోది, ప్రోగ్రాం పరుగెత్తి ముగిసిపోయినా ఫలితం కంటికి కనబడకపోవడం. సీ భాషకు ల్యాబుల్లో వాడే టర్బో సీ అనే పాత కంపైలర్‌లో నల్లతెర ఒక్క క్షణం మెరిసి మళ్లీ నీలం ఎడిటర్ వచ్చేస్తుంది. నిజానికి అవుట్‌పుట్ వచ్చే ఉంటుంది, ఆల్ట్‌తో పాటు ఎఫ్5 నొక్కితే కనబడుతుంది. ప్రోగ్రాం చివర ‘గెట్‌చ్’ (మీట నొక్కేదాకా తెరను ఆపి ఉంచే మాట) ఎందుకు రాయిస్తారో చాలామందికి వైవా (మౌఖిక పరీక్ష) దాకా తెలియదు. మూడోది, ప్రోగ్రాం మనం ఇంకేదో ఇవ్వాలని ఎదురుచూస్తూ ఉండటం. నాలుగోది, ‘వైల్’ షరతు పక్కన పొరపాటున సెమీకోలన్ పడి, లూపు (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే భాగం) తనలో తానే గానుగెద్దులా తిరుగుతూ ఉండటం. ఈ రెండింట్లోనూ తెర మీద కనబడేది ఒక్కటే, ఆడుతున్న కర్సర్. ఐదోది, అవుట్‌పుట్ వచ్చినా అది తప్పు కావడం. తెలుగులో ‘రావట్లేదు’ అంటే ‘సరిగ్గా రావట్లేదు’ అని కూడా అర్థం చేసుకుంటాం కాబట్టి, మనం మాట్లాడుకునేటప్పుడు ఈ ఐదో అర్థానికి ఇబ్బంది ఉండదు. అదే మాటను ఇంగ్లీషులోకి మార్చి ఎక్కడో పోలండ్‌లోనో బ్రెజిల్‌లోనో ఉన్న మనిషి ముందు పెడితే, అతను తెర ఖాళీగా ఉందనే అనుకుంటాడు.

ఐదు జబ్బులకూ మందు వేరు. అందుకే జవాబిచ్చేవారు మొదట ‘ఏమైందో సరిగ్గా చెప్పు’ అంటారు. ఆ మాట విద్యార్థి చెవికి గద్దింపులా వినిపిస్తుంది.

ఇక్కడ భాష సంగతి కొంత వివరంగా చూడాలి. అనంతపురం, కడప, చిత్తూరు, నెల్లూరు జిల్లాల నుంచి కామెడ్‌కే (కర్ణాటక ప్రైవేటు కాలేజీల ప్రవేశ పరీక్ష) ర్యాంకుతోనో మేనేజ్‌మెంట్ సీటుతోనో బెంగళూరు వచ్చే పిల్లల్లో పదో తరగతి వరకూ తెలుగు మీడియంలో చదివినవారు ఉంటారు. క్లాసులో పాఠం ఇంగ్లీషులో నడుస్తుంది, మధ్యలో లెక్చరర్ కన్నడలోకి జారుకుంటారు, పక్క బెంచీవాళ్లు నవ్వుతారు, ఎందుకు నవ్వారో ఇతనికి అర్థం కాదు. పైగా బెళగావి కేంద్రంగా 1998లో ఏర్పడిన విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయం పరిధిలోని కాలేజీల్లో మార్కులు సగం ఇంటర్నల్స్‌కు, అంటే 100కు 50, పోతాయి కాబట్టి, రికార్డు ఆలస్యమైతే నష్టం వెంటనే తెలిసివస్తుంది. క్లాసులో చెయ్యెత్తి అడగడానికి మొహమాటం, ఇంటర్నల్స్ భయం కలిసి అతన్ని ఫోను దగ్గరికి తోస్తాయి. అక్కడ తెలుగులో ఆలోచించినదాన్ని తనకు అంతగా పట్టులేని ఇంగ్లీషులో రాయాలి. పట్టులేని భాషలో మనిషి చెప్పగలిగినంత మేరకే చెప్తాడు, చెప్పవలసినదంతా చెప్పడు. ఐదు జబ్బులు నాలుగు మాటలుగా కుదించుకుపోవడానికి సోమరితనం కన్నా ఇదే పెద్ద కారణం.

మర్యాద కూడా తప్పు చోట పడుతుంది. మన పద్ధతిలో సాయం అడిగేవాడు ముందు వినయం చూపాలి. అందుకని ‘రెస్పెక్టెడ్ సర్’ అని మొదలుపెట్టి, తాను కొత్తవాడినని, చాలా అర్జెంటని, దయచేసి ఆదుకోమని నాలుగు లైన్లు రాసి, అసలు విషయానికి ఒక్క లైను మిగులుస్తాడు. ప్రోగ్రామర్లు ప్రశ్నలు, జవాబులు రాసుకునే, 2008లో మొదలైన స్టాక్ ఓవర్‌ఫ్లో వెబ్‌సైటు లాంటి చోట్ల పద్ధతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. అక్కడ పలకరింపులు, కృతజ్ఞతలు ప్రశ్నలో ఉండకూడదనే అలవాటు ఉంది, ఉంటే ఎవరో ఒకరు ఎడిట్ చేసి తీసేస్తారు. తన ‘నమస్కారం’ను ఎవరో కొట్టిపారేశారని తెలిసినప్పుడు విద్యార్థి నొచ్చుకోవడంలో ఆశ్చర్యం లేదు. కాని అక్కడివారి దృష్టిలో మర్యాద అంటే చదివేవాడి సమయం మిగల్చడం: ఏ కంపైలర్, ఏ ఇన్‌పుట్, ఏం రావాలి, ఏం వచ్చింది. హోంవర్క్ అడగడం అక్కడ నిషేధం అన్న మాట నిజం కాదు. హోంవర్క్ ప్రశ్నలకు విడిగా ఉండిన ట్యాగును 2012లో తొలగించారు గాని, ఇప్పటిదాకా ఏం చేశావో, ఎక్కడ ఆగిపోయావో రాస్తే ఆ ప్రశ్నలకూ చోటుంది.

ఆ ఫోటో గురించి ఒక మాట. కోడ్‌ను ఫోటో తీసి పెట్టడం జవాబిచ్చేవారికి కంపరం, ఎందుకంటే దాన్ని తమ కంప్యూటర్‌లో పెట్టి నడిపి చూడాలంటే మళ్లీ మొత్తం టైపు కొట్టుకోవాలి. అయితే విద్యార్థి ఫోటో తీయడానికి బద్ధకం కాని కారణాలు ఉన్నాయి. చాలా ల్యాబుల్లో పెన్‌డ్రైవ్ పెట్టనివ్వరు, ఇంటర్నెట్ ఉండదు. టర్బో సీని, పాత ప్రోగ్రాంలను కొత్త కంప్యూటర్‌లో నడిపే డాస్‌బాక్స్‌లో నడుపుతుంటే ఆ కిటికీలోంచి మామూలుగా కాపీ చేసి బయట పేస్టు చేయడం కుదరదు. కాని ఆ ప్రోగ్రాం ఫైలు ఫోల్డరులో మామూలు టెక్స్టుగానే పడి ఉంటుంది, నోట్‌ప్యాడ్‌తో తెరిస్తే కాపీ అవుతుంది. ఈ చిన్న సంగతి మొదటి వారంలోనే ఎవరైనా చెప్పి ఉంటే సగం ఫోటోలు తప్పేవి.

టర్బో సీ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే మన దేశపు విద్యార్థి ప్రశ్నలు బయటివారికి అర్థం కాకపోవడంలో దాని వాటా పెద్దది. బోర్లాండ్ సంస్థ 1987లో డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టం కోసం తెచ్చిన కంపైలర్ ఇది. బయటి ప్రపంచం దాన్ని ఎప్పుడో వదిలేసినా మన ల్యాబ్ మాన్యువళ్లలో ‘వాయిడ్ మెయిన్’, ‘కోనియో’, ‘క్లియర్‌స్క్రీన్’ వంటి ఆ కాలపు మాటలు ఇంకా కనబడుతూనే ఉన్నాయి. బెంగళూరులో కొన్ని కాలేజీలు ఉబుంటు ఆపరేటింగ్ సిస్టంకు, జీసీసీ కంపైలర్‌కు మారాయి, అయినా రికార్డులు సీనియర్ల నుంచి జూనియర్లకు ఆస్తిలా సంక్రమిస్తాయి కాబట్టి ఆ పాత లైన్లు కొత్త కంప్యూటర్‌లోకి కూడా నడిచి వస్తాయి.

ఫ్యాక్టోరియల్ లెక్కను, అంటే 1 నుంచి ఒక సంఖ్య దాకా అన్నిటినీ గుణించే లెక్కను, తీసుకుందాం. సిలబస్‌లో ఎక్కడైనా ఉండే ప్రోగ్రామే. ‘ఇంట్’ (పూర్ణాంకం) వేరియబుల్‌తో రాసి 7 ఇస్తే 5040 వస్తుంది, సంతోషం. 8 ఇస్తే టర్బో సీలో మైనస్ 25216 వస్తుంది. అదే కోడ్‌ను పీజీకి వచ్చి ఫోనులోని ఆన్‌లైన్ కంపైలర్‌లో పెడితే 40320 అని సరైన జవాబే వస్తుంది. ‘ల్యాబ్‌లో తప్పు, ఫోనులో కరెక్టు, ఎందుకు?’ అని అడిగితే జవాబిచ్చేవారు తమ ల్యాప్‌టాప్‌లో నడిపి చూసి, తమకు సరిగ్గానే వస్తోందని రాసి ఊరుకుంటారు. అబద్ధం ఎవరూ చెప్పలేదు. టర్బో సీలో ‘ఇంట్’కు 16 బిట్ల చోటే ఉంటుంది, 32767 దాటితే సంఖ్య చుట్టు తిరిగి రుణసంఖ్యగా మారుతుంది. 40320లోంచి 65536 తీసేస్తే మిగిలేది సరిగ్గా ఆ మైనస్ 25216. ఇప్పటి కంపైలర్లలో ‘ఇంట్’ సాధారణంగా 32 బిట్లు, హద్దు 2147483647. అందువల్ల అక్కడ 12 దాకా, అంటే 479001600 దాకా బండి సాఫీగా నడిచి, 13 దగ్గర 6227020800 రావలసిన చోట సాధారణంగా 1932053504 అనే వింత సంఖ్య కనబడుతుంది. జబ్బు ఒక్కటే, బయటపడే చోటు మారింది.

కథ ఇక్కడితో అయిపోదు. ఎవరో దయతలచి ‘లాంగ్ లాంగ్ వాడు’ అంటారు, అంటే ఇంకా పెద్ద సంఖ్యలు పట్టే రకం. ఆ మాట సీ భాషలోకి ప్రామాణికంగా వచ్చింది 1999లో, టర్బో సీకి అది తెలియదు, ఎర్రర్ కొడుతుంది. మరొకరు ‘అయితే లాంగ్ వాడు’ అంటారు. అది సరైన సలహా, టర్బో సీలో లాంగ్‌కు 32 బిట్లు ఉంటాయి. విద్యార్థి వేరియబుల్ రకం మారుస్తాడు గాని, ఫలితాన్ని తెర మీద చూపించే ప్రింట్‌ఎఫ్‌లో ‘పర్సెంట్ డీ’ని ‘పర్సెంట్ ఎల్‌డీ’గా మార్చడు. అప్పుడు ప్రింట్‌ఎఫ్ ఆ సంఖ్యలోని కింది 16 బిట్లను మాత్రమే చదువుతుంది. 8 ఇస్తే మళ్లీ అదే మైనస్ 25216! సలహా పాటించినా ఫలితం ఇసుమంత కూడా కదలలేదు కాబట్టి సలహాయే తప్పని విద్యార్థి నిర్ణయించుకుంటాడు, ఇంత చెప్పినా వినలేదని సలహా ఇచ్చినవారు అనుకుంటారు. ప్రశ్నలో ‘టర్బో సీ’ అన్న ఒక్క మాట, వచ్చిన సంఖ్య ఒకటి రాసి ఉంటే ఈ గొడవంతా మొదటి జవాబులోనే తీరేది. తప్పుగా వచ్చిన సంఖ్యను సిగ్గుపడి దాచిపెడతారు, లేదా ‘గార్బేజ్ వాల్యూ వస్తోంది’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. జబ్బు తెలిసినవారికి మాత్రం ఆ సంఖ్యే నాడి.

ప్రశ్నలో మరుగున పడిపోయే మరో ముఖ్యమైన భాగం, లెక్చరర్ పెట్టిన షరతు. ‘లైబ్రరీ ఫంక్షన్ వాడకుండా స్ట్రింగ్ పొడవు కనుక్కోండి’, ‘మూడో వేరియబుల్ లేకుండా రెండు సంఖ్యలు తారుమారు చేయండి’, ‘రికర్షన్‌తోనే (ఫంక్షన్ తనను తానే పిలుచుకునేలా) రాయండి’ వంటివి బయట ఉద్యోగం చేసేవారికి అర్థంలేని ఆంక్షల్లా అనిపిస్తాయి. ఆంక్ష రాయకుండా అడిగితే ‘దానికి ఫంక్షన్ ఉంది కదా, వాడుకో’ అన్న జవాబు వస్తుంది. ఉద్యోగంలో ఆ జవాబు సరైనదే. వ్యాయామంలో అసలు ఉద్దేశం స్ట్రింగ్ చివర సున్నా గుర్తు ఉంటుందని, దానిదాకా ఒక్కో అక్షరం లెక్కపెట్టుకుంటూ పోవాలని తెలియజేయడం. అందువల్ల హోంవర్క్ ప్రశ్నను సొంత మాటల్లో కుదించి చెప్పడం కన్నా, కాగితం మీద ఉన్నది ఉన్నట్టు ముందు దించి, తర్వాత తన ప్రయత్నం రాయడమే మేలు.

సాయం చేసేవారి వైపు నుంచి చూస్తే చిత్రం ఇంకోలా ఉంటుంది. వైట్‌ఫీల్డ్‌లోనో ఎలక్ట్రానిక్ సిటీలోనో ఉద్యోగం చేస్తున్న సీనియర్‌కు ఊరివాడో కాలేజీ జూనియరో వాట్సాప్‌లో ‘అన్నా, ఈ ప్రోగ్రాం ఒక్కసారి చూడవా’ అని పంపుతాడు. పూర్తి కోడ్ రాసి పంపడానికి ఆ అన్నకు రెండు నిమిషాలు చాలు. తమ్ముడు ఎక్కడ తడబడ్డాడో ప్రశ్నలు వేసి రాబట్టాలంటే అరగంట పడుతుంది, అదీ ఆఫీసు మీటింగు అయ్యాక, ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో క్యాబ్‌లో కూర్చుని. ఇద్దరికీ తొందరే కాబట్టి ఇద్దరి సౌకర్యమూ పూర్తి కోడ్ దగ్గర కలుస్తుంది. ఎవరి ఉద్దేశమూ చెడ్డది కాకపోయినా హోంవర్క్ మాత్రం ఖాళీ అవుతుంది. డబ్బు తీసుకుని ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులు చేసిచ్చే దుకాణాలు ఇదే ఏర్పాటుకు పెద్దన్నలు, వాటి గురించి ఇక్కడ ఎక్కువ చెప్పనక్కర్లేదు. వాట్సాప్ సాయంలో మరో లోపం, దాన్ని దిద్దేవారు ఉండకపోవడం. నలుగురూ చూసే చోట ఒకరు తప్పు జవాబు ఇస్తే ఇంకొకరు కింద సరిదిద్దుతారు. అన్న పొరపడితే తమ్ముడు ఆ పొరపాటునే రికార్డులోకి ఎక్కిస్తాడు.

2022 నవంబర్ 30న చాట్‌జీపీటీ అందరికీ అందుబాటులోకి వచ్చాక ఈ అన్న పాత్ర చాలావరకు యంత్రానికి బదిలీ అయింది. వచ్చిన కొద్ది రోజులకే, డిసెంబర్‌లో, అది రాసిన జవాబులను తమ దగ్గర పెట్టకూడదని స్టాక్ ఓవర్‌ఫ్లో నిషేధించింది. చూడటానికి సరిగ్గా అనిపిస్తూ లోపల తప్పుండే జవాబులు వెల్లువెత్తడమే అందుకు కారణం. విద్యార్థికి మాత్రం దానివల్ల తీరిన బాధ ఒకటుంది, దాన్ని చిన్నచూపు చూడకూడదు: అది విసుక్కోదు. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసి అడిగినా, అదే సందేహం నాలుగోసారి అడిగినా, ఇంత చిన్న విషయం తెలియదా అనదు. ఎర్రర్ సందేశాన్ని దానిముందు పెట్టి ‘దీనర్థం ఏమిటి’ అని అడగడం నిస్సందేహంగా మంచి వాడకం. సీలో కంపైలర్ పది తప్పులు చూపిస్తే మొదటిదాన్ని సరిచేసి మళ్లీ కంపైల్ చేయాలని, పైథాన్‌లో పొడుగాటి ఎర్రర్ వస్తే అన్నిటికన్నా కింది లైను ముందు చదవాలని, ఈ రెండూ ఒకదానికొకటి తలకిందులని క్లాసులో ఎవరూ చెప్పని మాట అది ఓపిగ్గా చెప్తుంది.

చిక్కు మరో చోట ఉంది. మనిషి ‘ఏమైందో సరిగ్గా చెప్పు’ అని ఆగుతాడు, యంత్రం సాధారణంగా ఆగదు. అసంపూర్ణమైన ప్రశ్నకు తానే ఊహించుకుని సంపూర్ణమైన జవాబు ఇచ్చేస్తుంది. ఏ కంపైలరో చెప్పకపోతే కొత్తదే అనుకుంటుంది, షరతు చెప్పకపోతే లేదనుకుంటుంది. పాఠం రెండో యూనిట్‌లో ఉంటే అయిదో యూనిట్‌లోని పాయింటర్లు వాడుతుంది, వైవాలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఆ లైను మీదే వేలు పెట్టి ‘ఇది ఎందుకు రాశావు’ అంటారు. ఇదివరకు ప్రశ్నలోని సగం ఎవరో ఒకరు కసురుకున్నప్పుడైనా బయటికి వచ్చేది. ఇప్పుడు ఆ కసురుడూ లేదు, ఆ సగం చెప్పవలసిన అవసరమే విద్యార్థికి తెలిసిరాదు.

ప్రోగ్రామర్లలో పాత అలవాటు ఒకటుంది. బల్ల మీద ఒక రబ్బరు బాతును పెట్టుకుని, పనిచేయని కోడ్‌ను ఒక్కో లైను చొప్పున దానికి వివరించడం. బాతు ఏమీ చెప్పదు, కాని వివరించేవాడికి సగం దారిలోనే తప్పు తట్టేస్తుంది. 1999లో వచ్చిన ఒక ప్రోగ్రామింగ్ పుస్తకంతో ఇది ప్రచారంలోకి వచ్చింది. ఆన్‌లైన్‌లో ప్రశ్న రాయడం కూడా ఈ పనే చేస్తుంది, రాసేవాడు దాన్ని పూర్తిగా రాస్తే. ‘అవుట్‌పుట్ రావట్లేదు’ అన్న ప్రశ్ననే మళ్లీ, ఈసారి జరిగింది జరిగినట్టు రాయిస్తే ఇలా ఉంటుంది: ‘ఉబుంటు, జీసీసీ. రెండు సంఖ్యలు తీసుకుని కూడిక చూపించాలి. 5 కొట్టి ఎంటర్ నొక్కాను, 3 కొట్టి ఎంటర్ నొక్కాను. 8 రావాలి. ఏమీ రాలేదు, కర్సర్ అలాగే ఆడుతోంది. విసుగొచ్చి ఊరికే 7 కొట్టి ఎంటర్ నొక్కితే అప్పుడు 8 వచ్చింది.’ ఇందులో కొత్త పరిజ్ఞానం ఏదీ లేదు, తెలుగులో రాసినా ఇంగ్లీషులో రాసినా చిన్న చిన్న వాక్యాలే. అయినా ఆ చివరి వాక్యంతో లూపు తిరుగుతోందన్న అనుమానం పోయింది, తెర మాయమైందన్న అనుమానం పోయింది, ప్రోగ్రాం మూడో ఇన్‌పుట్ కోసం కాచుకుని ఉందని తేలిపోయింది. సీ తెలిసినవారు కోడ్ చూడకుండానే దీనికి జవాబు చెప్పగలరు: ‘స్కాన్‌ఎఫ్ కొటేషన్లలో చివర స్లాష్ ఎన్ పెట్టి ఉంటావు, అది తీసెయ్.’

తీసేస్తే పని జరుగుతుంది, రికార్డు పూర్తవుతుంది. ప్రింట్‌ఎఫ్‌లో కొత్త లైను కోసం అలవాటుగా రాసే ఆ రెండు అక్షరాలను, ఇన్‌పుట్ తీసుకునే స్కాన్‌ఎఫ్‌లోనూ యథాలాపంగా రాసిన విద్యార్థి అప్పుడు అడగవలసిన ప్రశ్న ఒకటి మిగులుతుంది, పూర్తి కోడ్ అందుకున్నవాడికి అది ఎన్నటికీ ఎదురుకాదు: ‘అన్నా, ప్రింట్‌ఎఫ్‌లో అది కొత్త లైనుకే కదా వెళ్తుంది, మరి స్కాన్‌ఎఫ్‌లో ఎందుకు ఆగిపోతోంది?’